గోడ మీద కాలు

జూన్ 3

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. ఆ వాక్యం అయిపోయింది కాబట్టి సంగతికి వస్తాను. ఒక పెద్ద పనిలో ఇరుక్కున్నాను. ఇరికించింది పరాయివాళ్ళెవరూ కాదు, నా నోరే.

మా వీధి చివర కొత్తగా ఫిజియోథెరపీ స్కూలు పెట్టారు. కాళ్ళూ చేతులూ పట్టు తప్పినవాళ్ళకి వ్యాయామాలు చేయించి మళ్ళీ నడిపించే చదువట. బోర్డు రాయమంటే వెళ్ళాను. రాశాను. బోర్డు చూసి ప్రిన్సిపాలమ్మ, "అక్షరాలు బాగున్నాయి. మనిషి కాలు వేయగలరా?" అంది. "రెండూ వేయగలనమ్మా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. క్లాసుగదిలో ఎనిమిదడుగుల గోడ చూపించి, "ఒకటి చాలు. లోపలి ఎముకలు కనపడాలి, పేర్లు రాయాలి. వచ్చే నెల ఇరవై ఐదున ప్రారంభం, పెద్ద ఎముకల డాక్టరుగారు వస్తున్నారు" అంది. నేను తల ఊపాను. ఈ తల ఊగడానికి మెదడుతో పని లేదని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

యాభై రెండేళ్ళుగా రెండు కాళ్ళ మీద తిరుగుతున్నాను. లోపల ఏముందో ఒక్కనాడూ ఆరా తీయలేదు. నా బొమ్మల సంగతి నీకు చెప్పేదేముంది! పక్కవీధి గేటుకి "కుక్క ఉంది, జాగ్రత్త" అని రాసి పక్కన కుక్కని వేస్తే, ఆ ఇంటికి పాలు పోసే ఆయన "దూడని ఎప్పుడు కొన్నారండీ?" అని అడిగాడు.

నువ్వు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎముకల వార్డులో ఉన్నావు. ఒక కాలు గీసి, పేర్లు రాసి పంపు. మీ మరదలు "ఆడపడుచుని ఇంకా ఎంతకాలం పీడిస్తారు?" అంటోంది. ప్రారంభం దాకా అని చెప్పాను.

నీ తమ్ముడు

జూన్ 9

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం వార్డులో చదువుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, కాలికి బరువు కట్టించుకుని పడుకున్న ఏడో నంబరు మంచం తాత "హెడ్ నర్సుకి ఏదో అయింది" అని కేక పెట్టాడు.

బొమ్మ పంపుతున్నాను. వేరే కాగితం దొరక్క జ్వరం చార్టు వెనక గీశాను. ఎదురుగా పడుకున్న మనిషిని చూస్తూ గీశాను కాబట్టి కొలతలు సరిగ్గానే ఉంటాయి. గీత మాత్రం వంకర. ఇంట్లో ఆర్టిస్టువి నువ్వని అమ్మ ముందే తేల్చేసిందిగా.

పైన ఉన్నది తొడ ఎముక. ఒంట్లో ఇంతకంటే పొడుగు ఎముక లేదు. దాని తల బంతిలా తుంటి గిన్నెలో కూర్చుంటుంది. మోకాలి ముందు చిప్ప. కింద రెండు ఎముకలు: లావుది అంతర్జంఘిక, సన్నది బహిర్జంఘిక. ఏది ఎటుండాలో పేర్లే చెబుతాయి, నేను వేరే చెప్పక్కర్లేదు. ఇక పాదం. అందులో ఇరవై ఆరు ఎముకలు. లెక్క తప్పావో, ఆ డాక్టరు వేలు పెట్టి మరీ లెక్కపెడతాడు. వాళ్ళ సంగతి నాకు తెలుసు.

పాదం పైకెత్తే కండరం పేరు కూడా రాయి, పిల్లలకి మొదట చెప్పేది అదే: టిబియాలిస్ యాంటీరియర్. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు దాని స్పెల్లింగు తప్పు రాసి యాభైసార్లు ఇంపోజిషన్ రాశాను. ఇప్పటికీ అనుమానంగానే రాస్తాను.

మీ బావ రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో ఉత్తరాల శాఖ ఆయనదే. నాకు వచ్చేవి ఆయన ముందు చదువుతాడు. కాస్త చూసుకుని రాయి.

అక్క

జూన్ 24 (కార్డు)

అక్కా, పని తొందరలో రెండు ముక్కలు. ఎడమ కాలు తొడ వరకు బాగానే ఉంది. మోకాలి కింద పగుళ్ళు కనిపిస్తే గీకేయాల్సి వచ్చింది. మొన్నటి వానకి చెమ్మ ఎక్కి పాదం మొత్తం ఊడి కింద పడిపోయింది. మీ మరదలు చీపురుతో ఊడ్చేసింది. కంగారు పడకు, రేపు కొత్తది వేసేస్తాను.
త.

జూన్ 28

చిన్నోడా,

చూసుకుని రాయమన్నానా లేదా?

నేను డ్యూటీలో ఉండగా నీ కార్డు వచ్చింది. మీ బావ చదివాడు. నువ్వు ముందు రాసిన ఉత్తరం వార్డుకి వచ్చింది కాబట్టి గోడ సంగతి ఆయనకి తెలియదు, చెప్పడం నేను మర్చిపోయాను. "పాదం ఊడి కింద పడిపోయింది, మరదలు చీపురుతో ఊడ్చేసింది" అనే దగ్గర ఆయన కుర్చీలో కూలబడ్డాడట. తర్వాత లేచి రెండు చొక్కాలు, దుప్పటి, టార్చిలైటు సంచిలో పెట్టుకుని బస్టాండుకి బయల్దేరాడు. టార్చిలైటు ఎందుకో ఇప్పటికీ చెప్పలేకపోతున్నాడు.

వీధి మలుపులో పక్కింటావిడ ఆయన్ని చూసి వార్డుకి కబురు పెట్టింది. "మీ తమ్ముడికి కాలు తీసేశారట" అని. నేను తెల్ల యూనిఫారంతోనే పరుగెత్తాను. బస్సు కదలబోతోంది. కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, "అది గోడ కాలండీ!" అని అరిచాను. బస్సంతా నన్నే చూసింది. "గోడకి కాలేమిటి, నీకు బాధతో మతి పోయింది" అని ఆయన ఏడుపు. చివరికి కండక్టరు దింపేశాడు.

ఇప్పుడు ఆయనకి నీ మీద కోపం. నీకు కాలు ఉన్నందుకు కాదులే.

అక్క

జూలై 6

అక్కా,

బావగారికి సాష్టాంగ నమస్కారం చెప్పు. ప్రస్తుతం సాష్టాంగపడే భంగిమలోనే పని చేస్తున్నాను.

పై భాగమంతా నిచ్చెన మీద అయిపోయింది. కింది భాగానికి వచ్చేసరికి నిచ్చెన పనికిరాదు, స్టూలేమో మరీ ఎత్తు. వారం రోజులుగా పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా గోడ మొదట్లో గొంతుక్కూర్చునే ఉన్నాను. పాదానికి మోడలు ఎవరూ దొరక్క నా ఎడమ పాదం నేనే చూసుకుంటూ వేశాను. ఇరవై ఆరూ లెక్కపెట్టాను. ఒకసారి ఇరవై ఐదొచ్చాయి, ఇంకోసారి ఇరవై ఎనిమిదొచ్చాయి. మూడోసారి సరిపోయాక లెక్కపెట్టడం మానేశాను.

"ఎడమ కాలు" అని పైన పెద్దక్షరాలు, పక్కన ఎముకల పేర్లు. నీలం మీద తెలుపు. అక్కా, "బహిర్జంఘిక" అని రాస్తే చూడాలి! జ కింద ఘ ఒత్తేమో అనుకుని మొదట భయపడ్డాను, సున్న పెట్టి వేరువేరుగా రాయాలని మీ మరదలు చెప్పింది. నా అక్షరాలు చూసి ప్రిన్సిపాలమ్మ మొదటిసారి నవ్వింది.

ఒక్కటే చికాకు. కొత్త చెప్పులు కొనుక్కున్నాను, నాలుగు రోజులుగా ఎడమ చెప్పు ఊరికే జారిపోతోంది. రెండుసార్లు గడప తట్టుకుని బోర్లా పడ్డాను. నేలంతా సాపుగా ఉన్నా నా బొటనవేలు వెతికి మరీ తగులుకుంటోంది. చెప్పుల షాపు ఆయనతో గొడవ పెట్టుకున్నాను. "రెండూ ఒకే సైజండీ" అంటాడు. "అయితే ఒక్కటే ఎందుకు జారుతుంది?" అని నలుగురిలో నిలదీశాను. పాపం, మార్చి ఇచ్చాడు. అదీ జారుతోంది. ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లక తాడుతో కట్టుకున్నాను. వయసు మీద పడితే మనిషికి చెప్పులు కూడా లోకువే.

నీ తమ్ముడు

జూలై 9

చిన్నోడా,

తప్పు చెప్పుది కాదు.

ఈ ఉత్తరం పక్కన పెట్టి, గోడ పట్టుకుని, మడమల మీద నిలబడు. రెండు పాదాల ముందుభాగాలూ గాలిలోకి లేవాలి. ఎడమది లేవకపోతే ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళు. రేపు కాదు.

మోకాలికి బయటివైపు, కొంచెం కింద వేళ్ళతో నొక్కి చూసుకో. గుబ్బలా తగులుతుంది. అది సన్న ఎముక తల. దాని మెడ చుట్టూ ఒక నరం చర్మం కిందే మెలి తిరిగి వెళుతుంది. పాదాన్ని పైకెత్తేది ఆ నరమే. రోజులకొద్దీ గొంతుక్కూర్చుంటే అది నలిగిపోతుంది. ఇలాంటివాళ్ళని వార్డులో చూశాను. కానీ ఇంత దూరం నుంచి ఇదేనని నేను చెప్పలేను. దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పాలి. చేతిలో పట్టు తగ్గినా, మాట తడబడినా, మూతి ఒక పక్కకి పోయినా ఈ ఉత్తరం చదవడం కూడా ఆపి పరుగెత్తు. పరుగెత్తలేవు కదూ. బండెక్కు.

గోడ దగ్గర కూర్చున్నావని తెలిసిందో, మీ బావని నిజంగానే బస్సెక్కిస్తాను.

అక్క

జూలై 16

అక్కా,

మడమల మీద నిలబడ్డాను. కుడి పాదం లేచింది. ఎడమది లేవలేదు. ఎంత గుడ్లురిమి చూసినా లేవలేదు.

ఒక సంగతి దాచాను. చెప్పు గొడవ నమ్మి రాయలేదు, నమ్మాలనుకుని రాశాను. మొదటిసారి పడ్డప్పుడే నాకు నాన్న గుర్తొచ్చాడు. పక్షవాతం వచ్చాక ఎడమ కాలు ఈడుస్తూ అచ్చాఫీసు నుంచి ఇంటికి వచ్చేవాడు చూడు, ఆ చప్పుడే నా కాలి నుంచి వినపడింది. నాకూ అదే వచ్చిందనుకున్నాను. ఇంట్లో చెప్పకుండా వారం తిరిగాను. ధైర్యం కాదు, పిరికితనమే. డాక్టరు నోటితో వినకపోతే రోగం ఉండదని నా లెక్క.

ఇంకోటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు సాయంత్రాలు నాన్నని అచ్చాఫీసు నుంచి తీసుకురమ్మని అమ్మ పంపేది. నేను ఆయన పక్కన నడవలేదు అక్కా. పదడుగులు ముందు నడిచేవాణ్ణి. నా స్నేహితులు ఎదురైతే ఆయన ఎవరో నాకు తెలియనట్టు ఉండేవాణ్ణి. ఈ వారమంతా మీ మరదలితో ఎక్కడికి వెళ్ళినా నేను పదడుగులు వెనక నడిచాను, నా నడక చూడకూడదని.

డాక్టరు అరగంట పరీక్షించాడు. చెయ్యి, మాట, మొహం అన్నీ బాగున్నాయన్నాడు. నువ్వు చెప్పిన నరమే. కొన్ని వారాలో, కొన్ని నెలలో పడుతుందట. తిరిగొచ్చే అవకాశమే ఎక్కువట, కానీ మాట ఇవ్వలేనన్నాడు. పాదం వాలిపోకుండా పట్టీ ఇచ్చాడు.

ఇక కొసమెరుపు విను. క్లాసుగదిలో కుర్చీలో కూర్చుని నువ్వు చెప్పినట్టు గుబ్బ నొక్కి చూసుకున్నాను. బయటివైపు ఉంది. చిటికెనవేలు వైపు. తలెత్తి గోడ చూశాను. గోడ మీద సన్న ఎముక బొటనవేలు వైపుంది. నీ బొమ్మ చూసి ఉన్నదున్నట్టు దించాను, మరి ఎక్కడ తిరగబడిందో తెలియదు. రెండోసారి చూద్దును కదా, ఆ లోపలి ఎముక పక్కన నీలం మీద తెల్లగా, ఒక్కో అక్షరం జానెడు ఎత్తున, "బహిర్జంఘిక". బహిర్ అంటే బయట అని అప్పుడు తట్టింది. రాసేటప్పుడు గుణింతం సరిపోయిందా అనే చూశాను కానీ అర్థం ఉంటుందని అనుకోలేదు.

ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఊరు వదిలి పారిపోదామా అంటే కాలు రాదు.

నీ తమ్ముడు

జూలై 19

చిన్నోడా,

ముందు నా తప్పు ఒప్పుకోనివ్వు. నేను గీసింది కుడి కాలు. నా ఎదురుగా ఉన్న పేషెంటుది కుడి కాలే విరిగింది. నీ గోడ మీదేమో ఎడమ కాలు. మా వార్డు నుంచి ఏ మనిషినీ, ఏ కాలో ఇంకుతో గుర్తు పెట్టకుండా ఆపరేషన్ గదిలోకి పంపలేదు నేను. కొత్త నర్సు ఒకసారి మర్చిపోతే ఏడిచేదాకా తిట్టాను. అలాంటిదాన్ని, సొంత తమ్ముడికి పంపిన కాగితం మీద "కుడి" అని రెండక్షరాలు రాయలేదు. నీ కార్డులో "ఎడమ కాలు" అని ఉంది కదా, అప్పుడైనా తట్టిందా? బస్సు వెంట పరుగెత్తిన గొప్పలోనే ఉండిపోయాను. ఆ కొత్త నర్సుకి ఇవాళ ఈ సంగతి చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నాకు టీ తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు గోడ సంగతి. పై నుంచి చీలమండ దాకా నా బొమ్మే కాబట్టి అదంతా సరైన కుడి కాలు. పాదం ఒక్కటే నీది, ఎడమది. పాదం మార్చి, పైన "ఎడమ" కొట్టేసి "కుడి" అని రాస్తే సరిపోతుంది. కానీ ముందు ఆ ప్రిన్సిపాలమ్మకి నిజం చెప్పు. గొంతుక్కూర్చోవద్దు.

నాన్న సంగతి. నువ్వు ముందు నడిచేవాడివని ఆయనకి తెలుసురా. ఒకసారి నేను నిన్ను కోప్పడబోతే ఆయనే ఆపాడు. "ఉండనీ. వెనక నుంచి వాడి నడక చూడొచ్చు. కాళ్ళు ఎంత తేలిగ్గా పడతాయో వాడికి" అన్నాడు. నీతో చెప్పొద్దన్నాడు. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినందుకు ఆయన ఏమీ అనుకోడులే.

మరదలితో పక్కపక్కన నడువు.

అక్క

జూలై 27

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాన్న గురించిన చోట ఇంకో నాలుగుసార్లు.

ప్రిన్సిపాలమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, మీ కాలు తప్పు వేశాను" అన్నాను. ఆవిడ తన కాలు చూసుకుంది. విషయమంతా చెప్పాను. "ఏ కాలైతే ఏమిటండీ, ఉన్నది సరిగ్గా ఉంటే చాలు" అంది. లేచి వస్తుంటే నా నడక చూసి, "ఇది ఎప్పట్నుంచి?" అని మళ్ళీ కూర్చోబెట్టింది.

పాదం పడుకుని వేశాను. గోడ పక్కన పరుపు వేయించుకుని, దిళ్ళు పేర్చుకుని, పక్కకి ఒరిగి మూడు రోజులు. చూసినవాళ్ళు ఈయనకి ఎంత సుఖమైన ఉద్యోగం అనుకుని ఉంటారు. అక్కడ చదివేవాళ్ళలో ఒకావిడకి ముప్పయ్యారేళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి, ఇన్నాళ్ళకి చదువుకి కుదిరిందట. మిగతావాళ్ళంతా ఆవిడ్ని "పెద్దమ్మ" అని పిలుస్తారు. ఆవిడే పక్కన కూర్చుని నా ఇరవై ఆరు ఎముకలూ లెక్కపెట్టింది. ఈసారి మొదటిసారే సరిపోయాయి.

ప్రారంభం రోజు డాక్టరుగారు గోడ ముందు చాలాసేపు నిలబడి, "ఎవరు వేశారు?" అన్నాడు. నేను గర్వంగా రెండడుగులు ముందుకి వేశాను. ఆయన నా మొహం చూడలేదు, నేరుగా ఎడమ పాదం చూశాడు. అంతే, స్టూలు తెప్పించి, ప్యాంటు మోకాలి దాకా మడిపించి, నలభై మంది ముందు నన్ను పాఠం చేశాడు. "ఇదిగో నరం, ఇదిగో ఇక్కడే నలిగింది" అంటూ గోడ కాలికీ నా కాలికీ మధ్య కర్ర తిప్పాడు. సన్మానం చేస్తారని ఉతికిన ప్యాంటు వేసుకెళ్ళాను. మడిచేసరికి ఇస్త్రీ పోయింది.

పరీక్షకి ఒక్కొక్కరూ ఒక పేషెంటుని చూసుకోవాలట. "మీరు నాకు పేషెంటుగా ఉంటారా?" అని పెద్దమ్మ అడిగింది. తల ఊపాను.

నీ తమ్ముడు

అక్టోబరు 12

అక్కా,

రెండున్నర నెలలు సరిగా ఉత్తరం రాయలేదు, రాయడానికి ఏమీ లేక. రోజూ సాయంత్రం పెద్దమ్మ వచ్చేది, కాలు ఒళ్ళో పెట్టుకుని, "ఎత్తండి" అనేది. నేను ఎత్తేవాణ్ణి. అంటే, కనుబొమలు లేచేవి, భుజాలు లేచేవి. పాదం లేచేది కాదు. "రేపు" అనేది. ఆవిడ బాధ చూడలేక ఒకసారి వేళ్ళు కిందకి నొక్కి వదిలి, లేచినట్టు దొంగాట ఆడాను. పట్టేసింది. "నాకు మార్కుల కోసం చేయకండి" అంది. సిగ్గుపడ్డాను.

నిన్న ఆ క్లాసుగదిలోనే పరీక్ష. పైఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి చాలా సీరియస్ మనిషి. "పేషెంటుని పాదం ఎత్తమనండి" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "ఎత్తండి" అంది, లేవదని తెలిసిన గొంతుతో.

లేచింది అక్కా. ఎంతో కాదు, వేలి మందం. నేను నమ్మలేదు, గోడ మీద పాదం ఏమైనా కదిలిందా అని అటు చూశాను.

పరీక్షాధికారి, "ఏ కండరం ఎత్తింది?" అన్నాడు. పెద్దమ్మ ఇంకా నా పాదాన్నే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు. నేను ఉండబట్టలేక, "టిబియాలిస్ యాంటీరియర్" అన్నాను. "పేషెంటు మాట్లాడకూడదు" అన్నాడాయన. "సరేనండీ" అని మళ్ళీ మాట్లాడాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ పేరు, దాని నరం, ఆ నరం పుట్టిన చోటు, వెళ్ళే దారి అన్నీ ఆగకుండా చెప్పింది. పాసయింది. నన్ను ఇంకో మూడు నెలలు వదలనంది.

ఇంటికి వచ్చేసరికి మీ మరదలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నా ముందు కంట తడి పెట్టని మనిషి. స్టూలు మీద కూర్చుని, "ఇటు చూడు" అని కాలు చాపి ఎత్తాను. చూసింది. "ఊ, బాగుంది" అని మళ్ళీ పంపు వైపు తిరిగింది. అదే గిన్నెని తోమింది, కడిగింది, మళ్ళీ తోమింది. నేను లేచి వెళ్ళబోతుంటే, అటు తిరిగే అంది:

"ఇంకోసారి ఎత్తండి."

నీ తమ్ముడు